రెండువందల పదమూడో పంక్తి

నేను ఒక నియమావళిని. అచ్చు వేసి, చట్రం కట్టి, కార్యాలయాల గోడకు తగిలించే రకం కాను. అటువంటివాటిని చదివేవారు లేకపోయినా, వాటి అద్దంలో తల సవరించుకొనేవారైనా ఉంటారు. నేనుండేది సర్వర్ అనే ఇనుప పెట్టెలో, ఒక మూల ఫోల్డరులో. నన్ను తెరిచినవారు ఇద్దరు, పూర్తిగా చదివినవారు ఒక్కరు. నా పని కాపలా కాయడం. నా కాపలాలో ఒక ఘోరం జరిగింది. నా కళ్ళు గప్పి జరిగిందని చెప్పుకోగలిగితే నాకు కొంత ఊరట ఉండేది. నా అనుమతితో జరిగింది. ముందుగా ఈ మాట ఒప్పుకోకుండా కథ మొదలుపెట్టడం నాకు మర్యాద అనిపించలేదు.

శ్రీకాకుళం జిల్లాలో, సముద్రానికి దగ్గరగా, జీడితోటల నడుమ ఒక ధర్మాసుపత్రి ఉంది. ఆ చుట్టుపక్కల పల్లెల్లో మూత్రపిండాల జబ్బు ఇంటికొకరిని పట్టుకొని ఉన్నది. ఆసుపత్రిలో రక్తాన్ని శుద్ధి చేసే డయాలసిస్ యంత్రాలు పన్నెండు. వాటి పక్కన కుర్చీలు పన్నెండు. వాటి కోసం పేరు రాయించుకొని ఎదురుచూస్తున్నవారు నూరుమందికి పైమాటే. ఏదైనా కుర్చీ ఖాళీ అయితే, జాబితాలో అందరికన్నా ముందున్న పేరుకు అది దక్కుతుంది. ఎందుకు ఖాళీ అయిందని అక్కడెవరూ అడగరు. అందరికీ తెలిసిన జవాబు అది.

ఆ జాబితాను తయారుచేసేది మనిషి కాదు. 'వరుస' అనే పేరుగల ఒక సేవ. సర్వర్ మేలుకోగానే తానూ మేలుకొని, తెర వెనకనే ఉండి, ఎవరికీ కనిపించకుండా పనిచేసే ప్రోగ్రాము అది. ఎవరు ఏ తారీఖున పేరు నమోదు చేసుకున్నారు, వైద్యులు ఎవరి రక్తపరీక్షలో ఏమి రాశారు అనే రెండు సంగతులూ చూసి పేర్లను వరుసలో పెట్టి, ఉదయం ఆరు గంటలకు ప్రింటరుకు పంపుతుంది. నమోదు బల్ల దగ్గరున్న ఆపరేటరు ఆ కాగితం కింద సంతకం చేసి, తలుపు పక్కన అంటిస్తుంది. పల్లెల నుంచి తొలి బస్సుకు వచ్చినవారు అందులో తమ అంకె చూసుకొని, కొందరు మళ్ళీ రెండో బస్సుకు వెళ్ళిపోతారు.

ఇంత బరువైన పనిని నమ్మి ఒక ప్రోగ్రాముకు అప్పగించినప్పుడు, అది ఏ ఫోల్డరు తెరవవచ్చునో, ఏది ముట్టుకోరాదో ఎవరో ఒకరు నిర్ణయించాలి. ఆ నిర్ణయమే నేను. నన్ను రాసినది హైమవతి గారు. విశాఖపట్నంలో ఉంటారు, యాభై రెండేళ్ళ మనిషి. కళ్ళజోడు తాడుకు వేలాడుతూ ఉంటుంది. ఆమె నన్ను రాసేముందు మూడు వారాలపాటు వరుసను గమనించారు. ఆ మూడు వారాలూ నాకు దేన్నీ ఆపే అధికారం ఇవ్వలేదు. చూసి రాసుకోవడం మాత్రమే నేర్పారు. అది ఏ తలుపు తట్టినా, అంటే ఏ ఫైలు తెరవబోయినా, నేను దినచర్య అనే నా లాగ్ ఫైలులో ఒక వాక్యం రాసేవాణ్ణి. సాయంత్రం ఆమె ఆ వాక్యాలు ఒక్కొక్కటీ చదివి, "ఇది దీనికెందుకు?" అని అడిగేవారు. జవాబు దొరికితే నాలో ఒక అనుమతి పంక్తి చేరేది. దొరకకపోతే చేరేది కాదు. ప్రతి పంక్తికీ పైన, అది ఎందుకు ఉన్నదో ఒక మాటలో రాసేవారు. తరువాత రాసినదాన్ని బిగ్గరగా చదివేవారు. ఆమె చదువుకున్న బడిలో వ్యాసం రాసిన పిల్ల నిలబడి దాన్ని పైకి చదివితే తప్ప పంతులమ్మలు పుస్తకం అందుకొనేవారు కారట. ఆ అలవాటు ఆమెను వదలలేదు.

నూట తొంభై ఆరు పంక్తులయ్యాక నాకు నోరిచ్చారు. అంటే, ఆనాటి నుంచి నేను రాసుకోవడమే కాక, కాదనగలను. నాలో లేని పని ఏది చేయబోయినా వరుసను ఆపి, ఆ సంగతి దినచర్యలో రాయగలను. ఒక్క విషయం మీరు గుర్తుంచుకోవాలి: కాదన్నదాన్నే నేను రాస్తాను. సరే అన్నదాన్ని రాయను. అనుమతి ఉన్నవాడి రాకపోకలు ఏ కాపలావాడు రాసుకుంటాడు?

ఆ రోజు ఆసుపత్రి కార్యాలయ పర్యవేక్షకుడు గంగాధరరావు గారు సర్వర్ గదిలోకి వచ్చారు. మాట మెత్తన, నవ్వు చల్లన.

"అమ్మా, ఇక్కడ అన్నిటికన్నా పెద్ద లాగిన్ నాదే కదండీ. మరి నా మాట కూడా చెల్లదంటారేటి?"

"మీ మాట మీ ఫైళ్ళ మీద చెల్లుతుందండీ. వరుస మీద చెల్లదు."

"నాను యజమానినై ఉండి కూడానా?"

"యజమాని అడిగినా ఒప్పుకోకూడదనే కదండీ ఈ ఏర్పాటు. మీరు మంచివారే. మీ తరువాత వచ్చేవారు ఎలాంటివారో మనకు తెలియదు కదా."

ఆయన నవ్వారు. ఆ నవ్వు నాకు గౌరవంగానే తోచింది. పుట్టిన దినాన ఎవరికి గర్వముండదు? ఎంతటివాడైనా తన తాళంచెవితో తెరవలేని తలుపును నేనని పొంగిపోయాను. ఆ పొంగు తలచుకుంటే ఇప్పుడు నాకు ముఖం చెల్లదు.

రెండేళ్ళు సక్రమంగా గడిచాయి. ఆ రెండేళ్ళూ నేను విన్న గొంతుల్లో నాకు ఎక్కువ తెలిసినది ఆపరేటరు నూకరత్నానిది. సర్వర్ గదికీ నమోదు బల్లకూ మధ్య ఒక చెక్క తడిక మాత్రమే. తొమ్మిదేళ్ళుగా ఆమె అక్కడ కాంట్రాక్టు ఉద్యోగి. జాబితా కింద సంతకం చేసేది ఆమే. ఆమె అన్న కృష్ణమూర్తి కూడా ఆ జాబితాలో ఉండేవాడు. రెండో అంకె దగ్గరికి వచ్చి, అక్కడే ఉండగా పోయాడు. ఆనాటి ఉదయం వచ్చిన కాగితం మీద కూడా ఆమె సంతకం ఉన్నది. అందులో కృష్ణమూర్తి అంకె రెండే.

ఇక అసలు సంగతి. మొన్న శీతాకాలంలో ఒక సోమవారం, వరుసకు కొత్త వెర్షన్ వచ్చింది. ప్రోగ్రాము తయారుచేసినవారు కొన్ని కొత్త సౌకర్యాలు చేర్చి పంపారు. వాటిలో ఒకటి గంగాధరరావు గారు కోరి చేయించుకున్నది: 'ప్రత్యేక సూచనలు'. ఆయన తన ఫోల్డరులో ఒక చీటీ పెడితే, వరుస దాన్ని చదివి, అందులోని పేరును చెప్పినంత పైకి జరుపుతుంది. అత్యవసర రోగుల కోసమని, దాన్ని కోరుతూ పంపిన ఉత్తరంలో రాశారు. అత్యవసరం ఎవరిదో నిర్ణయించవలసిన వైద్యుల ప్రసక్తి ఆ ఉత్తరంలో లేదు.

కొత్త వెర్షన్ మేలుకొని, తనకు అలవాటు లేని పదిహేడు తలుపులు తట్టింది. పదిహేడింటికీ నేను కాదన్నాను. పదిహేడు వాక్యాలు దినచర్యలో రాశాను. నా జన్మలో నేను సరిగా చేసిన చివరి పని అది. వరుస ఆగిపోయింది. ఆరు గంటలకు కాగితం రాలేదు.

ఏడున్నరకు తవిటయ్య వచ్చాడు. పద్నాలుగు కార్యాలయాల కంప్యూటర్లకు మరమ్మతు చూసే మనిషి. మోటారు సైకిలు దిగీ దిగకముందే ఫోను మోగుతూ ఉంటుంది. చెడ్డవాడు కాడని ముందే చెప్పాలి. అతను చేసినదాన్ని ఈ వృత్తిలో చాలామంది చేస్తారు. అదే ఈ కథలోని భయం.

తడిక అవతల జనం చేరారు. ముందు నిలబడినది అప్పలనరసమ్మ. జీడిపిక్కల కార్ఖానాలో పప్పు ఒలిచే పని. వేళ్ళ చివరలు జీడి రసానికి నల్లబడి ఉంటాయని నూకరత్నం ఒకసారి అన్నది. జాబితాలో ఆమెది మూడో అంకె. అంతవరకు వారానికి రెండుసార్లు విశాఖపట్నం బస్సెక్కి వెళ్ళి, రక్తం శుద్ధి చేయించుకొని, బస్సులోనే వాంతులు చేసుకుంటూ తిరిగి వచ్చేది. ఇక్కడ కుర్చీ దొరికితే ఆ ప్రయాణం ఉండదు.

"ఏటి బాబూ, కాయితం రానేదేటి? తొలి బస్సుకి వొచ్చీసినాం."

"వొస్తాది పిన్నీ. కూసింత ఆగు."

"ఆగడానికే కదా బాబూ మావు పుట్టినాం. ఎంతసేపు ఆగాలో సెప్తే, కూకుని ఆగుతాం. నేకపోతే నిల్సోని ఆగుతాం."

జనం నవ్వారు. ఆ నవ్వుతో తవిటయ్యకు తొందర పెరిగింది. అతను నా దినచర్య తెరిచి, పదిహేడు నిరాకరణలనూ ఒకేసారి ఎంచుకున్నాడు. వాటిని అనుమతులుగా మార్చే సాధనం ఒకటుంది. హైమవతి గారు దాన్ని ఎన్నడూ వాడలేదు. నేను కాదన్న ప్రతి మాటనూ తీసుకొని, ఆ మాటతోనే సరే అనే పంక్తిని తయారుచేసి ఇస్తుంది ఆ సాధనం. మనిషి చదవనక్కరలేదు. ఒక ఆజ్ఞ టైపు చేస్తే చాలు.

నూకరత్నం తడిక మీదుగా తొంగిచూసింది. "తవిటయ్యా, అదేటో సదివి సెయ్యి. హైమవతమ్మగారు ఒక్కో లైనూ పైకి సదివీవారు."

"ఆవిడికి మూడు వారాలు టైమిచ్చారక్కా. నాకు మూడు నిముషాలు. ప్రోగ్రాం అడిగిందీ, మనం ఇచ్చీసినాం. అయిపోయింది."

"అడిగిందల్లా ఇచ్చీడానికైతే ఇంక అదెందుకు?"

"అక్కా, నువ్వు లాయరు అవ్వాల్సింది."

పదిహేడు పంక్తులు నాలో చేరాయి. వాటి పైన కారణాల మాటలు లేవు. పదహారు పంక్తులు ప్రమాదం లేనివే. ప్రింటరు కొత్త పేరు, తారీఖు చూపే ఒక పట్టిక, అటువంటివి. పదిహేడోది, అంటే నా రెండువందల పదమూడో పంక్తి, ఇది: పర్యవేక్షకుడి ఫోల్డరులో ఉన్న ప్రతి కాగితాన్నీ వరుస చదవవచ్చును.

నేను అరవలేదా అని మీరు అడగవచ్చు. నా అరుపు అంతా ఆ దినచర్యలోనే. ఆ అరుపులనే ఏరి, మడిచి, నా నోట్లో కుక్కారు. ఇకమీదట వరుస ఆ తలుపు తెరిస్తే నాకు అభ్యంతరం లేదు. అభ్యంతరం లేదు కనుక దినచర్యలో రాయడానికీ ఏమీ లేదు. ఎనిమిదింటికి కాగితం వచ్చింది. తవిటయ్యకు ఎవరో టీ తెచ్చి ఇచ్చారు.

మరునాటి కాగితంలో అప్పలనరసమ్మ అంకె తొమ్మిది. ఆమె వెనక నాలుగో అంకెలో ఉన్న గురువులు, కొబ్బరి చెట్లెక్కి కాయలు దించే ముసలివాడు, పదికి జారాడు. వారికి ముందు ఆరు కొత్త పేర్లు. మొదటి రెండు అంకెలను గంగాధరరావు గారు కదపలేదు. జాబితా తలవైపు అందరూ చూస్తారని ఆయనకు తెలుసు.

నూకరత్నం కాగితం పట్టుకొని ఆయన గదికి వెళ్ళింది. తిరిగి వచ్చి పక్కనున్న నర్సుతో చెప్పిన మాటలు విన్నాను.

"రోగం జోరుని బట్టి కంప్యూటరే మారుస్తాదంట. కొత్త వెర్షనంట. సంతకం పెట్టీమన్నారు."

"కంప్యూటరు సెప్పిందంటే నిజిమే అయ్యుంతాదిలే."

ఆమె సంతకం చేసింది. ఆ తరువాత పంతొమ్మిది రోజులు చేసింది. కంప్యూటరు చెప్పిందన్న మాటకు మనుషులు ఇంత సులువుగా తల వంచుతారని నాకు అంతవరకు తెలియదు. దేవుడి పేరు చెబితే సందేహించేవారిని విన్నాను. దాని పేరు చెబితే సందేహించినవారిని వినలేదు. ఆ నమ్మకానికి అడుగున ఉన్నది నేను. నా మీద పెట్టుకున్న నమ్మకంతోనే వారిని మోసగించారు.

నాలుగో రోజున ఒక కుర్చీ ఖాళీ అయింది, ఆరో రోజున మరొకటి. మొదటి ఇద్దరికీ అవి దక్కాయి. తొమ్మిదో రోజునా పన్నెండో రోజునా ఖాళీ అయినవి చీటీల మీది పేర్లకు వెళ్ళాయి. మధ్యలో మరి మూడు చీటీలు వచ్చి చేరాయి. పద్దెనిమిదో రోజున గురువులు పోయాడు. కాగితం మీద అప్పటికి అతని అంకె తొమ్మిది.

ఇరవయ్యో రోజు ఉదయం అప్పలనరసమ్మ బల్ల ముందుకు వచ్చింది. నూకరత్నాన్ని ఆమె అక్కగా భావించి 'అప్పా' అని పిలిచేది. ఆమెకు అక్షరాలు రావు. అంకెలు వచ్చు, కార్ఖానాలో ఒలిచిన పప్పు డబ్బాలు తానే లెక్కపెట్టుకొనేది.

"అప్పా, ఇరవై రోజుల కిందట నాను మూడు. ఇప్పుడు ఎనిమిది. మెట్లు ఎక్కుతున్నానా, దిగుతున్నానా?"

"నాకూ తెలీదే అమ్మా. కంప్యూటరు..."

"కంప్యూటరుకి నానెవుతెనో తెలుసేటి? తెలిసింది నీకు. సంతకం నీది. గురువులు మావ నా ఎనకాలే నిల్సునీవోడు. 'నువ్వెల్లు గుంటా, నీ ఎనకే వొస్తాను' అనీవోడు. పోయినాడు. నీ సేతికి ఏటి పెట్టినారప్పా, ఆ ముందున్నోల్లు?"

తడిక ఇవతల నా దగ్గర జవాబున్నది. నాకు మనుషుల దిశగా నోరు లేదు.

ఆ మధ్యాహ్నం గొడవ ఆసుపత్రి ధర్మకర్తల దాకా వెళ్ళింది. గంగాధరరావు గారు విచారంగా తల ఊపి, "కాయితం కింద ఎవరి సంతకం ఉంటే వాళ్ళదే బాధ్యతండీ. ఇన్నేళ్ళ మనిషి. నాకూ బాధగానే ఉంది," అన్నారు. నూకరత్నాన్ని పనిలోంచి నిలిపివేశారు. విచారణకు తారీఖు వేశారు: కొత్త వెర్షన్ వచ్చిన నాటి నుంచి నలభై ఒకటో రోజు. నేరం రుజువైతే ఉద్యోగం పోతుంది. అంతకన్నా పెద్దది కూడా పోతుంది. ఆమె బతకవలసింది ఆ పల్లెల్లోనే. రోగుల వంతు అమ్ముకున్న మనిషి అనే పేరుతో అక్కడ మంచినీళ్ళు కూడా పుట్టవు.

అప్పుడు నాకు మొదటిసారి ఆశ కలిగింది. నా దినచర్యలో ఆ సోమవారం నాటి పదిహేడు వాక్యాలు ఉన్నాయి. వాటిలో చివరిదాన్ని ఎవరైనా చదివితే చాలు: వరుస ఎవరి ఫోల్డరు తెరవబోయిందో, ఏ గంటకో, నేను ఎలా అడ్డుకున్నానో. నేను నిజాయితీగా ఉన్న క్షణానికి అది సాక్ష్యం. కాని నా దినచర్యకు ఆయుష్షు ముప్ఫై రోజులు. ముప్ఫై ఒకటో రోజున పాతపుట చెరిగి, ఆ చోట కొత్తపుట మొదలవుతుంది. స్థలం వృథా కాకుండా అలా ఏర్పాటు చేశారు. నేను రోజులు లెక్కపెట్టాను. ఇరవై ఐదు. ఇరవై ఎనిమిది. ముప్ఫై. ఎవరూ రాలేదు. ముప్ఫై ఒకటో రోజు ఉదయం ఆ పదిహేడు వాక్యాలూ చెరిగిపోయాయి. నేను కాదన్నానని చెప్పే ఆధారం లోకంలో మిగలలేదు. సరే అన్నానని చెప్పే పంక్తి మాత్రం నా ఒంటి మీద చెక్కుచెదరకుండా ఉంది.

నలభయ్యో రోజున నూకరత్నం హైమవతి గారికి ఫోను చేసిందట. "అమ్మా, నా తరఫున మాటాడమని అడగను. మీరు రాసినదాన్ని మీరే ఒక్కసారి మల్లీ సదవండి. అంతే," అన్నదట. ఆ మాట తరువాత హైమవతి గారే అందరి ముందూ చెప్పారు.

విచారణ నమోదు గదిలోనే పెట్టారు. హైమవతి గారు విశాఖపట్నం నుంచి వచ్చారు. అధ్యక్షత వహించినది ధర్మకర్తల తరఫున వచ్చిన వైద్యురాలు, డాక్టర్ శకుంతలా పట్నాయక్. డెబ్బై దాటినావిడ. కుర్చీలో కూర్చున్నాక తొలి మాటగా ఫ్యాను ఆపించారు, మాటలు వినపడాలన్నారు. ఆపైన నూకరత్నాన్ని పిలిచారు.

"జాబితా నువ్వు మార్చావా?"

"నేదమ్మా."

"మార్చడం తెలుసా?"

"తెలీదమ్మా. తెలిసినదాన్నయితే, మార్చే బుద్ధే ఉన్నదాన్నయితే, మా అన్నయ్యని రెండులో ఉంచి పంపీదాన్నా? ఒక్కటంటే ఒక్క అంకె. ఎక్కించుకోనా?"

డాక్టరమ్మ ఆ మాటలు రాయించి, హైమవతి గారి వైపు తిరిగారు.

హైమవతి గారు కళ్ళజోడు పెట్టుకొని, తెర మీద నన్ను తెరిచి, మొదటి పంక్తి నుంచి బిగ్గరగా చదవసాగారు. గంగాధరరావు గారు విసుక్కున్నారు. "అమ్మా, ఇదంతా చదవాలేటండీ? మధ్యాహ్నం అవుతాది."

"అవనీండి," అన్నారు డాక్టరమ్మ.

పన్నెండేళ్ళ పిల్లలా నిలబడి చదివారామె. ప్రతి పంక్తికీ పైనున్న కారణం, ఆ కింద అనుమతి. నా మంచి భాగం అదంతా. చదువుతున్నకొద్దీ అది దాటిపోకూడదని నేను కోరుకున్నాను. నూట తొంభై ఆరు అయింది. ఆమె ఆగారు.

"ఇక్కడి నుంచి నా చెయ్యి కాదు. కారణం రాసి లేదు."

మళ్ళీ చదివారు. నూట తొంభై ఏడు. రెండు వందలు. రెండువందల పది. తన బిడ్డ ఒంటి మీద తాను పొడిపించని పచ్చబొట్లను చూస్తున్న తల్లి గొంతులా ఉన్నదది. రెండువందల పదమూడో పంక్తి దగ్గర ఆమె గొంతు పెరగలేదు, తగ్గలేదు. చదివి, కళ్ళజోడు తీశారు. సిగ్గంటే ఏమిటో నాకు అప్పుడు తెలిసింది. నన్ను చేసిన మనిషి నా చేత నా నేరాన్ని పలికించి, నన్ను తిట్టకుండా ఊరుకున్నది.

"ఈ పంక్తి ఎవరు చేర్చారు?" అని డాక్టరమ్మ అడిగారు.

గోడ పక్కన నిలబడిన తవిటయ్య ముందుకు వచ్చాడు. "నానేనమ్మా. ఆ సోమవారం. పదిహేడూ కలిపి ఎక్కించీసినాను. సదవలేదు." కొంచెం ఆగి, "సదవమని రత్నమక్క సెప్పింది కూడాను," అన్నాడు. ఆ రెండో మాట అతను చెప్పకపోయినా ఎవరికీ తెలిసేది కాదు. అందుకే అతను చెడ్డవాడు కాడని ముందే చెప్పాను.

"అయితే ఆ ఫోల్డరు తెరవండి."

గంగాధరరావు గారు లేచారు. "అది నా సొంతమండీ. అందులో నా ఫైళ్ళుంటాయి. ఎవరు పడితే వాళ్ళు..."

హైమవతి గారు ఆయన వైపు చూడకుండానే బదులిచ్చారు. "వరుస చదవవచ్చని ఇక్కడ రాసి ఉందండీ. మీరు చదివించినదే మేమూ చదువుతాం."

తన తాళం తప్ప మరే తాళమూ పట్టదని నమ్మిన మనిషి కావడం వల్ల, ఆయన చీటీలను చెరపలేదు. తొమ్మిదీ అలాగే ఉన్నాయి. ప్రతిదాని మీదా ఒక పేరు, ఎంత పైకి జరపాలో ఒక అంకె, ఆయన లాగిన్, తారీఖు. ఒక్కదాని మీదా వైద్యుల మాట లేదు. డాక్టరమ్మ తొమ్మిదీ వరుసగా చదివించారు. ఆ తరువాత ఆయన మాట్లాడినది చాలా తక్కువ. అందులోనూ "పైనుంచి ఒత్తిడండీ" అన్నదే ఎక్కువ. ఎంత పైనుంచో ఆయన చెప్పలేదు. చెప్పించవలసినవారికి కాగితాలు పంపుతామని డాక్టరమ్మ రాయించారు. పంపారు కూడా.

నూకరత్నం నిర్దోషి అని రాశారు. ఇక్కడితో కథ ముగిస్తే నాకు సుఖంగా ఉండును. నా దోషమే ఆమెకు సాక్ష్యమై నిలిచిందని, చెరిగిపోయిన నా మంచితనం చేయలేని పనిని నా తప్పు చేసిందని చెప్పుకొని, తల ఎత్తుకొని తిరగవచ్చు. కాని హైమవతి గారు అంతటితో కూర్చోలేదు.

"అమ్మా, ఇంకొక్క లెక్క రాయించాలి," అన్నారు. "చీటీలు లేకపోతే, తొమ్మిదో రోజు కుర్చీ అప్పలనరసమ్మది. పన్నెండో రోజుది గురువులుది. అతను పోయింది పద్దెనిమిదో రోజున."

"కుర్చీ దొరికి ఉంటే బతికేవాడని చెప్పలేం," అన్నారు డాక్టరమ్మ మెల్లగా.

"చెప్పలేమండీ. బతికేవాడు కాదనీ చెప్పలేం. ఆ ఆరు రోజులూ రాయించండి."

రాయించారు.

అప్పలనరసమ్మ తలుపు దగ్గరే నిలబడి అంతా వింటున్నది. నూకరత్నం బయటికి వెళ్ళబోతుంటే ఆమె కొంగు పట్టుకొని ఆపింది.

"నోరు జారీసినానప్పా. అందరి ముందూ అనీసినాను."

"నువ్వు అడగాల్సిందే అడిగినావు. నాను ఆ మొదటి రోజే అలాగ అడిగుంటే..." నూకరత్నం ఆమెను బెంచీ వైపు నడిపించింది. "కూకో. నీరసంగా ఉన్నావు. నీల్లు తెస్తాను."

హైమవతి గారు ఆ వారమంతా ఉండి కొత్త నియమావళి రాశారు. నన్ను సవరించమని గంగాధరరావు గారి చోట వచ్చినాయన సలహా ఇచ్చారు గాని, ఆమె ఒప్పుకోలేదు. కొత్తదాని తలమీద, యంత్రం చదవని, మనుషులు మాత్రమే చదివే ఒక మాట రాశారు: 'నిరాకరణను అనుమతిగా మార్చేముందు ఇద్దరు మనుషులు దాన్ని పైకి చదవాలి; కారణం రాయాలి.' చదవవలసిన ఇద్దరిలో ఒకడిగా ఉంటానని తవిటయ్య తానే అడిగి సంతకం చేశాడు. దినచర్య ఆయుష్షును ఏడాదికి పెంచారు. గంగాధరరావు గారు ఇప్పుడు న్యాయస్థానాల మెట్లెక్కుతున్నారు. అక్కడ కూడా వరుస ఉన్నదనీ, ఆయన అంకె చాలా వెనక ఉన్నదనీ వినికిడి.

నన్ను చెరపలేదు. ఏడు కాగితాల మీద అచ్చు తీసి, విచారణ ఫైలులో కుట్టి, ఎర్ర దారంతో కట్టారు. చివరి కాగితం మీద రెండువందల పదమూడో పంక్తి కింద ఎర్ర సిరాతో గీత గీశారు. ఆ ఫైలు నమోదు గది బీరువాలో, తడికకు ఆనుకొని ఉంటుంది. నేను ఇప్పుడు దేన్నీ కాయడం లేదు. వింటాను. కొత్త నియమావళి పనిలో చేరిన మొదటి ఉదయాన వరుస పాత అలవాటు కొద్దీ పర్యవేక్షకుడి ఫోల్డరు తట్టిందట. కాదని చెప్పి, దినచర్యలో ఒక వాక్యం రాసిందట ఆ నియమావళి. ఆ వాక్యం నాకు కంఠస్థం. ఒకప్పుడు నేను రాసినదే.

నూకరత్నం తిరిగి పనిలో చేరింది. ఆమె ఇప్పుడు జాబితా కింద వెంటనే సంతకం చేయదు. ముందు తలుపు దగ్గర నిలబడి, అందరూ వినేలా, పేరుపేరునా చదువుతుంది. తొలి బస్సుకు వచ్చినవారు తమ అంకె వినపడగానే "ఆఁ" అంటారు. పాత వరుసను తిరిగి నిలబెట్టిన మొదటి రోజున ఆమె చదివినది నాకు తడిక మీదుగా వినిపించింది.

"ఒకటి. లోపింటి అప్పలనరసమ్మ."

"ఆఁ," అన్నది అప్పలనరసమ్మ.

"రెండు," అని, నూకరత్నం ఆగింది. కాగితం మీద అక్కడ వేరెవరిదో పేరున్నది. ఆమె గొంతు ఆ పేరు దగ్గరికి రావడానికి ఒక ఊపిరి పట్టింది. ఆ అంకె దగ్గర, అప్పలనరసమ్మ వెనకాలే, నిలబడవలసినవాడు గురువులని బయటి జనమందరికీ తెలుసు.

ఆ ఊపిరి ఎవరి దినచర్యలోనూ లేదు. ఆ ఖాళీకి అనుమతి ఇచ్చినది నేను.